సంకల్పం నేర్పే ఎరుక

దైవసన్నిధిలో నిలిచిన ప్రతి భక్తుడూ కోరుకునేది మనశ్శాంతి. ఆ శాంతి కొరకే దూరప్రయాణాలు చేస్తాము, ఉపవాసాలు ఉంటాము, గంటల తరబడి క్యూలైన్లలో వేచి ఉంటాము. అయితే శరీరం ఆలయంలో ఉండి మనస్సు మరెక్కడో సంచరిస్తూ ఉంటే, ఆ శాంతిని అందుకోవలసినవాడు అక్కడ లేనట్లే కదా! ఉన్నచోట ఉండడం, చేస్తున్న పనిని ఎరిగి చేయడం వినడానికి ఎంతో సులభం. ఆచరణలో అది ఎంత కఠినమో నా జీవితమే నాకు తెలియజెప్పింది. ఆ అనుభవాన్నీ, దానికి మన నిత్యపూజా విధానంలోనే నాకు దొరికిన సమాధానాన్నీ ఈ వ్యాసం ద్వారా భక్తులతో పంచుకొంటున్నాను.

ఉద్యోగ విరమణ అనంతరం నేను మన ఆలయంలో అర్చన టిక్కెట్ల వద్ద గోత్రనామాలు వ్రాసే సేవ చేస్తున్నాను. పని చిన్నదే. భక్తులు చెప్పిన గోత్రాన్నీ, కుటుంబ సభ్యుల పేర్లనూ చీటీపై వ్రాసి అర్చకస్వాములకు అందజేయాలి. వారు ఆ పేర్లను స్వామి ఎదుట చదువుతారు.

ఒక పర్వదినాన రద్దీ ఎక్కువగా ఉన్నది. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చిన ఒక వృద్ధురాలు నా ఎదుట నిలబడి గోత్రం చెప్పారు, ఒక్కొక్క పేరే చెప్పసాగారు. నేను వ్రాస్తూనే ప్రక్కనున్న సెల్‌ఫోన్ వైపు చూస్తున్నాను. ఆమె చెప్పిన ప్రతి పేరుకూ "ఊఁ" అంటున్నాను. అర్చన ముగిసిన తరువాత ఆమె ప్రసాదం చేతపట్టుకొని తిరిగి నా వద్దకు వచ్చారు.

"అయ్యా, మా చిన్నోడి పేరు వినబడలేదయ్యా. వాడి కోసమే వచ్చాను" అన్నారు.

చీటీ తెప్పించి చూశాను. ఆమె చెప్పిన పేర్లు ఐదు, నేను వ్రాసినవి నాలుగు. "తమరు ఊఁ అన్నారు గదా బాబూ, రాశారనే అనుకున్నాను" అన్నారామె. ఆ మాటలో కోపం లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉన్నది. నేను క్షమాపణ చెప్పి అర్చకస్వామిని వేడుకొన్నాను. ఆయన ఆమెను మరల లోనికి పిలిచి, కుమారుని పేరు కలిపి అర్చన జరిపించారు. ఆమె తృప్తిగా వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. పరధ్యానంగా "ఊఁ" అనడం నాకది మొదటిసారి కాదు.

ఊ కొట్టిన పాపం

మాది గోదావరి తీరాన ఒక చిన్న గ్రామం. వేసవి రాత్రులలో ఆరుబయట మంచాలు వేసుకొని పడుకొన్నప్పుడు మా అమ్మ కథలు చెప్పేది. కథ వినేవాడు ఊ కొట్టాలన్నది ఆమె నియమం. ఊ ఆగితే కథ ఆగేది. "నిద్రపోయావా, వింటున్నావా? ఊ కొట్టకపోతే నేను ఎవరికి చెబుతున్నట్టురా!" అనేది. తెలుగు ఇళ్లలో పెరిగిన వారెవరికీ ఈ ఆచారం క్రొత్త కాదు. చెప్పేవారికీ వినేవారికీ మధ్యనున్న చిన్న వంతెన ఆ ఊకారం. "నేను ఇక్కడే ఉన్నాను, నీ మాట నాకు చేరింది" అని దాని భావం.

ఆమె చివరి దినాలలో నేను ప్రతి సాయంత్రం ఆమె మంచం ప్రక్కన కూర్చొని జపం చేసేవాడిని. చేతిలో మాల తిరుగుతూ ఉండేది. ఒకనాడు వేళ్లు పూసలను జరుపుతూనే ఉన్నాయి గాని, మనస్సు మాత్రం ఇంటి మరమ్మతుకు మేస్త్రి చెప్పిన లెక్కల మీద ఉన్నది. అమ్మ సన్నని గొంతుతో నాతో ఏదో అన్నది. నేను "ఊఁ" అన్నాను. ఆమె నావైపు చూసి, తల ఊపి, నెమ్మదిగా కన్నులు మూసుకొన్నది. నాలుగవ నాడు ఆమె దేహయాత్ర ముగిసింది.

పెద్దకర్మ అయిన తరువాత మా అక్కయ్య, "అమ్మ నీతో ఏమైనా చెప్పిందా తమ్ముడూ?" అని అడిగింది. అప్పుడు నాకు ఆ సాయంత్రం గుర్తుకు వచ్చింది. చెప్పింది. ఏమి చెప్పిందో నాకు తెలియదు. ఆమె అడిగినదేదో నేను ఒప్పుకొన్నాను. ఏమి ఒప్పుకొన్నానో నాకు తెలియదు. జపమాల చేతిలో ఉండగానే ఇది జరిగింది. అందుకే ఈ విషయాన్ని ఇతరులకు ఉపదేశంగా కాక, నేను చదువుకొంటున్న పాఠంగా మాత్రమే వ్రాస్తున్నాను.

ప్రమాదం అనే మాట

తెలుగులో మనము "ప్రమాదం" అనే మాటను ఆపద, దుర్ఘటన అనే అర్థాలలో వాడుతున్నాము. రోడ్డు మీద వాహనాలు ఢీకొంటే ప్రమాదం జరిగిందంటాము. సంస్కృతంలో ఈ పదానికి మూలార్థం వేరు. ఏమరుపాటు, అజాగ్రత్త, చేయవలసిన దానిపై మనస్సు నిలుపకపోవడం అని దాని భావం. కారణానికున్న పేరునే మన భాష ఫలితానికి కూడా పెట్టుకొన్నది. వాహనాలు ఢీకొనడం తరువాతి సంగతి. ఏమరుపాటే మొదటి ప్రమాదం.

పతంజలి మహర్షి యోగసూత్రాలలో, సమాధిపాదంలో, సాధకుని చిత్తాన్ని చెదరగొట్టే తొమ్మిది అంతరాయాలను పేర్కొన్నారు. వ్యాధి, మందకొడితనం, సందేహం తరువాత నాలుగవదిగా ప్రమాదాన్నే చెప్పారు. సోమరితనాన్ని దాని తరువాత వేరుగా లెక్కించారు. ఈ విభజన గమనింపదగినది. సోమరి పని చేయడు. ఏమరినవాడు పని చేస్తూనే ఉంటాడు, కాని ఆ పనిలో తాను ఉండడు. నేను ఆ సాయంత్రం సోమరిగా లేను. జపం చేస్తూనే ఉన్నాను. నా దోషం ప్రమాదమే. మహాభారతంలోని ఉద్యోగపర్వంలో సనత్సుజాత మహర్షి ధృతరాష్ట్రునికి మృత్యువును గురించి బోధిస్తూ, ప్రమాదాన్నే మృత్యువుగా నిరూపించారు. ఆ బోధను చిన్నతనంలో ప్రవచనాలలో ఎన్నోసార్లు విన్నాను. ఆ కథకూ ఊ కొట్టాను.

సంకల్పం: మనమున్న చోటు, మనమున్న వేళ

ఆ వృద్ధురాలి కుమారుని పేరుతో మరల అర్చన జరుగుతున్నప్పుడు నేను ఒక ప్రక్కన నిలబడి సంకల్పాన్ని శ్రద్ధగా విన్నాను. అంతకు ముందు వేలసార్లు విన్న మంత్రభాగమే అది. ఆనాడు మాత్రం దాని నిర్మాణం నన్ను ఆశ్చర్యపరచింది.

పూజ ఏదైనా మొదట ఆచమనం, తరువాత ప్రాణాయామం, ఆ పిమ్మట సంకల్పం. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. ఆచమనంలో ఉద్ధరిణితో అరచేతిలోనికి తీసుకొనే నీరు మినపగింజ మునిగేటంత ఉండాలని పెద్దలు చెబుతారు. అంత స్వల్ప పరిమాణాన్ని ఒలకకుండా, ఎక్కువ కాకుండా తీసుకోవాలంటే చూపు చేతిపై నిలువక తప్పదు. ప్రాణాయామంలో గమనం శ్వాసపైకి వస్తుంది. పరుగులు తీస్తున్న మనస్సు ఈ విధంగా రెండు మెట్లు దిగి వచ్చిన తరువాత సంకల్పం ఆరంభమవుతుంది.

సంకల్పంలో మొదట కాలాన్ని చెబుతాము. బ్రహ్మదేవుని ఆయుర్దాయంలో రెండవ సగం, అందులో శ్వేతవరాహ కల్పం, ఆ కల్పంలో వైవస్వత మన్వంతరం, అందులో కలియుగం, ఆ యుగంలో మొదటి పాదం. కల్పమంటే 432 కోట్ల సంవత్సరాలు. కల్పానికి 14 మంది మనువులు, ఇప్పటి వైవస్వతుడు ఏడవవాడు. కలియుగ పరిమాణం 4,32,000 సంవత్సరాలు. ఇంతటి అనంతకాలం నుండి మొదలుపెట్టి క్రమంగా దిగి వస్తాము. తరువాత దేశం. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువునకు దక్షిణ దిగ్భాగం. తెలుగునేలపై ఆ పిమ్మట శ్రీశైలాన్ని గుర్తుగా పెట్టుకొని, మన ఊరు ఆ క్షేత్రానికి ఏ దిక్కున ఉన్నదో చెబుతాము. విజయవాడలో పూజ చేసేవారికి అది ఈశాన్యం, తిరుపతిలో చేసేవారికి ఆగ్నేయం. తరువాత సమీప నదులు. చివరకు మనము కూర్చున్న ఇల్లు. సొంత ఇల్లైతే స్వగృహమని, అద్దె ఇల్లైతే ఆ మాట మార్చి చెప్పాలని వ్రతకల్ప పుస్తకాలు కూడా సూచిస్తాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో పురోహితులు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమని చెప్పి సంకల్పం చేయిస్తారు. ఎక్కడ ఉన్నామో అక్కడి పేరే చెప్పాలి. ఉన్నది ఒకచోట, చెప్పేది మరొకచోటు కారాదు.

ఆ తరువాత మరల కాలం, ఈసారి మరింత దగ్గరగా. 60 సంవత్సరాల చక్రంలో ఇప్పటి సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. వీటిలో తిథి విశేషమైనది. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి పూర్తవుతుంది. చంద్రుని వేగం మారుతూ ఉండడం వలన ఒక తిథి సుమారు 19 గంటలే ఉండవచ్చు, మరొకటి 26 గంటల దాకా సాగవచ్చు. కనుక నిన్న చెప్పినదానికి ఒకటి కలిపి నేడు చెప్పడానికి వీలుపడదు. ప్రతిదినం పంచాంగం తెరచి చూడవలసినదే. అలవాటుగా పెదవులు కదిలించేవానిని సంకల్పంలో మొదట నిలబెట్టి ప్రశ్నించేది తిథియే: "నేడు ఏ దినమో నీకు తెలుసునా?"

చివరగా గోత్రం, నామధేయం, కుటుంబం, పూజకు ప్రయోజనం. అనంతకాలంలో ఈ క్షణం, విశాల విశ్వంలో ఈ చోటు, కోట్లాది ప్రాణులలో ఈ నేను, వీరి కోసం, ఈ పని. ఇంత చెప్పుకొన్న తరువాతనే చేతిలోని అక్షతలను, నీటిని విడిచి పూజ ప్రారంభిస్తాము. వర్తమానంలో నిలవండి అని నేడు ఎన్నో శిక్షణా తరగతులలో బోధిస్తున్నారు. మన ఇంట పూజాపీఠం ముందు ప్రతి ఉదయం జరిగే సంకల్పం చేయించేది ఆ పనినే. అది మనస్సును శూన్యం చేయమనడం లేదు. నీవు ఎక్కడ, ఎప్పుడు, ఎవరవు, ఎవరి కొరకు అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పి పని మొదలుపెట్టమంటున్నది.

మనస్సు జారిపోవడం దోషమా?

సంకల్పం చెప్పుకొన్నంత మాత్రాన మనస్సు పూజ అంతటా నిలిచి ఉంటుందా? ఉండదు. ఈ నిజాన్ని మన శాస్త్రాలు ఏనాడూ దాచలేదు. భగవద్గీత ఆరవ అధ్యాయమైన ఆత్మసంయమ యోగంలో అర్జునుడు ఈ సందేహాన్నే శ్రీకృష్ణుని ముందుంచాడు. గాలిని పట్టి నిలుపడం ఎంత కష్టమో మనస్సును నిలుపడం అంత కష్టమని 34వ శ్లోకంలో మొరపెట్టుకొన్నాడు. గాండీవధారి అయిన మహావీరునికే తప్పని ఇబ్బంది మనకు కలిగితే సిగ్గుపడవలసిన పని లేదు. భగవానుడు కూడా అర్జునుని మందలింపలేదు. కష్టమేనని అంగీకరించి, అభ్యాసం, వైరాగ్యం అనే రెండు ఉపాయాలను చూపాడు. అంతకు ముందే 26వ శ్లోకంలో, మనస్సు ఎటు జారిపోతే అటునుండి దానిని మరలించి ఆత్మయందు నిలుపుమని ఉపదేశించాడు.

ఈ రెండు ఉపాయాలనూ నేను మా ఊరి నీళ్లకుండతో పోల్చుకొని అర్థం చేసుకొన్నాను. వరదకాలంలో గోదావరి నీరు ఎర్రమట్టితో చిక్కగా వచ్చేది. మా అమ్మ చిల్లగింజను సానపై అరగదీసి, ఆ గంధాన్ని కుండలోని నీటిలో కలిపేది. తరువాత "ఎవరూ కుండ కదపవద్దు" అని హెచ్చరించేది. కొంతసేపటికి మట్టి అడుగుకు దిగి, పైన తేటనీరు నిలిచేది. గింజ అరగదీయకపోతే నీరు తేరదు. అరగదీసి కలిపినా, మాటిమాటికి కుండను కదుపుతూ ఉంటే తేరదు. ప్రతిదినం గింజ అరగదీయడం అభ్యాసం. అవసరం లేని కదలికను మానుకోవడం వైరాగ్యం. వైరాగ్యమంటే ఇల్లు విడిచి వెళ్లడమే కానక్కరలేదు. జపం చేసేటప్పుడు మేస్త్రి లెక్కలను, పేర్లు వ్రాసేటప్పుడు సెల్‌ఫోన్‌ను ప్రక్కన పెట్టగలగడం కూడా వైరాగ్యమే. నాకు అభ్యాసం ఉన్నది. కుండను కదపడం మాత్రం మానలేదు.

మనస్సు జారిపోయిందని తెలిసిన క్షణాన చాలామంది తమను తాము నిందించుకొంటారు. ఆ నింద మరొక కదలిక. దారితప్పిన ఆవును కొడుతూ కూర్చొంటే అది ఇల్లు చేరదు, మెల్లగా మలుపుకొని రావాలి. పదిసార్లు జారితే పదిసార్లు తీసుకొని రావడమే సాధన. "జారిపోయింది" అని తెలియడమే ఎరుక తిరిగి వచ్చిందనడానికి గుర్తు.

అవధానంలోని గంట

ఈ సాధనకు మన తెలుగువారి సాహిత్యసభలలో ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. అవధానమనే పదానికి ఏకాగ్రత అని అర్థం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అడ్డుపడతారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస మరల్చ చూస్తారు. కొన్ని సభలలో ఒకరు నడుమనడుమ గంట మ్రోగిస్తూ ఉంటారు. చివరకు అవధాని పద్యాలన్నిటినీ ధారణ చేయడమే గాక, గంట ఎన్నిసార్లు మ్రోగినదో కూడా చెప్పాలి. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గార్ల అవధానాల కారణంగా ఈ విద్యకు తెలుగుదేశమంతటా గొప్ప ఆదరణ లభించింది.

అవధానికి ఏకాంతం లేదు, నిశ్శబ్దం లేదు. అయినా అవధానం సాగుతుంది. గృహస్థుల జీవితమూ అటువంటిదే. పొయ్యిమీద పాలు, వాకిట్లో పిలుపు, చేతిలో ఫోను, పిల్లల చదువు, పెద్దల మందులు, ఇవన్నీ మన పృచ్ఛకులు. వీరు సభ విడిచి వెళ్లిన తరువాత ప్రశాంతంగా ధ్యానం చేస్తామనుకొంటే ఆ సమయం రాదు. ఎవరు పలుకరిస్తే వారికి ఆ క్షణం పూర్తిగా వినియోగించి, పిమ్మట తిరిగి పద్యం వద్దకు రావడం అవధాని నేర్పు. మనకు కావలసినదీ అదే.

దర్శనవేళ

గంటల తరబడి వేచిన తరువాత స్వామి ఎదుట మనము నిలిచేది కొద్ది క్షణాలు. ఆ కొద్ది క్షణాలలో చాలామంది కన్నులు మూసుకొని కోరికలు విన్నవించుకొంటారు. అంతదూరం వచ్చినది చూడడానికి గదా! కోరికలు క్యూలైనులో ఉన్నప్పుడే చెప్పుకోవచ్చును. సన్నిధిలో కన్నులు తెరచి, పాదాల నుండి మొదలుపెట్టి ముఖం వరకు స్వామిని నింపుకోవాలని పెద్దలు చెబుతారు.

దర్శనం అయిన తరువాత మండపంలో కొద్దిసేపు కూర్చోవడం మన ఆచారం. అప్పుడు కన్నులు మూసుకొని, చూసిన రూపాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవచ్చును. నేను నన్ను అడుగుకొనే ప్రశ్నలు ఇవి: నేడు స్వామికి ఏ రంగు వస్త్రం అలంకరించారు? మెడలోని మాల ఏ పువ్వులది? దీపం ఏ వైపున ఉన్నది? ఆలయంలోనే రోజంతా గడిపే నేను, మొదటి వారమంతా ఒక్కదానికీ సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు కొన్ని దినాలు మూడూ చెప్పగలుగుతున్నాను, కొన్ని దినాలు ఒక్కటే.

నిత్యజీవితంలో అభ్యాసం

భక్తులు తమ ఇళ్లలో ఆచరించడానికి వీలైన నాలుగు చిన్న నియమాలను ఇక్కడ సూచిస్తున్నాను. నేను ఆచరిస్తున్నవి ఇవే.

మొదటిది, చిన్న సంకల్పం. పని మొదలుపెట్టే ముందు ఒక శ్వాసకాలం ఆగి, నాలుగు ప్రశ్నలకు తెలుగులోనే మనస్సులో సమాధానం చెప్పుకోవాలి. "ఇది మా వంటిల్లు. ఈ వేళ ఉదయం, తిథి ఏకాదశి. నేను ఈ ఇంటి కోడలిని. ఈ వంట పిల్లల కొరకు" అనుకొంటే చాలును. ఇది వైదిక సంకల్పానికి ప్రత్యామ్నాయం కాదు. పూజలో నేర్చిన పాఠాన్ని పూజగది వెలుపలికి తీసుకొని రావడం మాత్రమే.

రెండవది, పనికి ముగింపు. పూజ చివర ఫలాన్ని భగవంతునికి సమర్పించి లేస్తాము. అందువలన పూజకు మొదలు, తుది రెండూ ఉన్నాయి. మన ఇతర పనులకు ఈ రెండూ లేవు. కార్యాలయపు చింత భోజనంలోకి, భోజనవేళ చూసిన వార్త నిద్రలోకి ప్రవహిస్తూ ఉంటాయి. ఒక పని ముగిసినప్పుడు, ఎంతవరకు అయితే అంతవరకు, దానిని దైవార్పణం చేసి లేవడం అలవరచుకోవాలి. మిగిలినది మరునాటి సంకల్పంలో చెప్పుకోవచ్చును.

మూడవది, మొదటి ముద్ద. అన్నప్రసాదం స్వీకరించేటప్పుడైనా, ఇంట భోజనం చేసేటప్పుడైనా, మొదటి ముద్దను మాటలు లేకుండా, దాని రుచిని ఎరిగి తినాలి. భోజనమంతా అలా తినడం కష్టం. ఒక్క ముద్ద ఎవరికీ కష్టం కాదు.

నాలుగవది, నాకు అన్నిటికంటె ముఖ్యమైనది, మాటను తిరిగి చెప్పడం. ఇంటిలోని వారు, ముఖ్యంగా వృద్ధులు, పిల్లలు ఏదైనా చెప్పినప్పుడు వట్టి "ఊఁ"తో సరిపెట్టకుండా, వారు చెప్పినదానిలో ఒక మాటనైనా తిరిగి పలకాలి. "మందు రాత్రికి అయిపోతుందా అమ్మా? సరే, తెస్తాను" అనాలి. తిరిగి పలకాలంటే విని తీరాలి. విననప్పుడు, "నా ధ్యాస ఇక్కడ లేదు, మరొక్కసారి చెప్పండి" అని అడగడంలో చిన్నతనం లేదు. ఆ సాయంత్రం ఆ ఒక్క ప్రశ్న నేను అడిగి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం కలిగేది కాదు.

ఆలయానికి శాశ్వత పూజల నిమిత్తం విరాళాలు సమర్పించిన దాతలకు ఒక విన్నపం. మీ తల్లిదండ్రుల పేరిట, మీరు కోరిన తిథినాడు, ఇక్కడ అర్చన జరుగుతుంది. మీరు రాలేకపోయినా అది ఆగదు. ఆనాడు మీరున్న చోటనే ఒక్క నిముషం కూర్చొని, నేడు ఫలానా తిథి, నేను ఫలానా ఊరిలో ఉన్నాను, ఫలానా వారి బిడ్డను అని చెప్పుకొని, వారి పేరు ఒకసారి పలకండి. ఇక్కడ పలికే నామానికి అక్కడ మీ ఊకారం తోడవుతుంది.

సేవలోని పాఠం

ఆ వృద్ధురాలు వచ్చి వెళ్లిన నాటి నుండి నేను సేవలో కూర్చొనే ముందు ఫోను ఇంటివద్దనే ఉంచి వస్తున్నాను. భక్తులు చెప్పిన ప్రతి పేరునూ పైకి పలికి, వారు అవునన్న తరువాతనే వ్రాస్తున్నాను. ఇందువలన వరుస కొంత ఆలస్యమవుతున్నది. వెనుకనున్నవారు కొందరు విసుగుకొంటారు కూడా. అయితే పేరు తిరిగి పలికినప్పుడు ఎదుటివారి ముఖంలో ఒక చిన్న మార్పు కనబడుతుంది. తమ బిడ్డ పేరు మరొకరి నోట శ్రద్ధగా వినబడడం వారికి అర్చనలో మొదటి భాగం వంటిది.

మా అమ్మ ఆ సాయంత్రం ఏమి అడిగిందో నాకు ఇక తెలియదు. ఏ సాధన వలన కూడా అది తెలియబోదు. పోయిన క్షణాన్ని తిరిగి తెచ్చే మంత్రం ఏ శాస్త్రంలోనూ లేదు. వచ్చే క్షణంలో ఉండడానికి మార్గం మాత్రం ప్రతి పూజారంభంలోనూ ఉన్నది. నాకు వీలైనది ఇంతే: ఎదుట నిలబడినవారు చెప్పే పేరును పూర్తిగా వినడం. ఏమి ఒప్పుకొన్నానో తెలియని ఆ మాటను నేను ఈ విధంగా చెల్లించుకొంటున్నాను.

ఈసారి స్వామి దర్శనానికి విచ్చేసినప్పుడు గోత్రనామాలు నెమ్మదిగా చెప్పండి. తొందర లేదు. నేను ఒక్కొక్క పేరూ తిరిగి చెబుతాను. తప్పు పలికితే దయచేసి సరిదిద్దండి. అందరికీ స్వామివారి అనుగ్రహం వలన నిర్మలమైన ఎరుక కలుగుగాక!

స్వస్తి.